అమెరికా ఫుట్‌పాత్‌ను మేం కోసిన వైనం

ముందే ఒప్పుకుంటున్నాను. నా మాటల్లో పొంగు ఎక్కువ. పాలు పొయ్యి మీద పెడితే పొంగుతాయి, కబురు నా నోట్లో పెడితే పొంగుతుంది. ఇందులో పాల తప్పు ఎంతో నా తప్పూ అంతే. మా ఆవిడ నా నోటి నుంచి వచ్చే అంకెలన్నిటినీ మూడుతో భాగించి వింటుంది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆమెకు నోటిలెక్కలు బాగా వచ్చేశాయి. మీరూ అలాగే భాగించుకుంటూ చదవండి. అయితే పొంగించడం వేరు, లేనిది పుట్టించడం వేరు. ఈ కబురులో నేను నిజంగా పుట్టించింది ఒక్కటే ఉంది. అదేదో ఆఖర్న చెబుతాను. ఈలోగా మీకు చేతనైతే పట్టుకోండి.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ఇంజనీరు అనుకున్నదాన్ని గీత గీసి చూపించడం నా పని. ఇంజనీరుకు ఆలోచన వస్తే జీతం పెరుగుతుంది, మాకు ఆలోచన వస్తే రబ్బరు అరుగుతుంది. కళ్లు మొరాయించి వేళకంటే ముందే ఇంటికి చేరాను. ఇప్పుడు ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడూ వచ్చి, "అంకుల్, మీ టైంల ఎట్ల గీస్తుండె?" అని అడుగుతారు. ఎట్లా గీశామో కాదు, ఎట్లా తప్పు గీశామో చెబితే మీకు ఎక్కువ పనికొస్తుంది.

తొంభైల చివరి రోజులు. అశోక్‌నగర్‌లో ఒక మేడ. కింద టైపు ఇన్‌స్టిట్యూట్, దానిమీద గ్రూప్స్ పరీక్షల కోచింగ్ సెంటర్, దానిమీద మేం. కింద నుంచి టకటక, నడిమధ్యన రాజ్యాంగం, పైన మా ఏసీ గురక. ఆ ఏసీ మా కోసం కాదు, ఐదు కంప్యూటర్ల కోసం. వాటికి చెమట పట్టకూడదు. మాకు పడిశం పట్టినా ఎవరికీ పట్టదు. మే నెల ఎండలో స్వెట్టర్ వేసుకుని అశోక్‌నగర్ సందుల్లో నడిచిన మనుషులు చరిత్ర మొత్తం మీద మేం ఏడుగురమే అని నా నమ్మకం. కోచింగ్ పిల్లలు మమ్మల్ని చూసి పుస్తకంలో వేలుపెట్టుకుని మరీ ఆగేవాళ్లు.

మా యజమాని అంతకు ముందు రోడ్ల కాంట్రాక్టరు. తారు వాసన తప్ప వేరే అత్తరు ఎరగని మనిషి. బొంబాయిలో ఒక మధ్యవర్తిని పట్టి, అమెరికా నుంచి గీతల పని తెచ్చాడు. ఆ దేశంలో ఓ చిన్న ఊరు. దాని పేరు ఎవరికీ నోరు తిరగలేదు. అందుకని అందరం "మన ఊరు" అనేవాళ్లం.

మన ఊరికి వచ్చిన కష్టం ఏమిటంటే, అక్కడ ఎవరూ నడవరు. మెయిన్ రోడ్డు మైదానమంత వెడల్పు. దాని మీద కార్లు తప్ప ఇంకేం ఉండవు. పాలు కావాలన్నా కారే, పక్కింటికి పోవాలన్నా కారే. కార్లలో పోయేవాళ్లు దుకాణాల ముందు ఆగరు గనక దుకాణాలు మూతపడుతున్నాయి. బస్సు ఉందిగానీ దాని కోసం నిలబడే చోటు లేదు. ఊళ్లో పెద్దలంతా కూర్చుని, ఇక మనం నడవాలి అని తీర్మానించుకున్నారు. మనుషులు నడిచేలా, బస్సెక్కేలా, కాసేపు కూర్చుని మాట్లాడుకునేలా ఊరిని మార్చాలి. అక్కడి ఇంజనీర్లు పాత మ్యాపుల జిరాక్సుల మీద ఎర్ర పెన్సిల్‌తో గుర్తులు పెట్టి పంపారు: ఇక్కడ చెట్టు, ఇక్కడ బెంచీ, ఇక్కడ దీపం, ఇక్కడ బస్ షెల్టర్. వాటిని చక్కగా కంప్యూటర్‌లో గీసి ఫ్లాపీల్లో పంపడం మా పని.

"నడిచేటందుకు కూడ ప్లాన్ ఏందన్నా," అన్నాడు నా పక్క కుర్చీ మిత్రుడు. చిక్కడపల్లి సందులోనే పుట్టి, అక్కడే పెరిగి, పెళ్లికూతుర్ని కూడా అదే సందులో వెతుక్కున్న మనిషి. "కాళ్లు లేవా వాళ్లకు? ఒక్క దినం మా గల్లీకి తోల్కరా. స్కూటర్ మీద వచ్చినోడు కూడ దిగి నడుస్తడు."

అది నిజం. మా వైపు నడవడానికి ఎవరూ ప్లాను వేయలేదు, అయినా అందరూ నడిచేవాళ్లు. ఫుట్‌పాత్ మీద మాత్రం కాదు. ఫుట్‌పాత్ మీద సంసారాలు ఉండేవి. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, చెరకు రసం, తాళంచెవులు, మిర్చి బండి, ట్రాన్స్‌ఫార్మరు, దాని నీడలో నిద్రపోయే కుక్క, ఆ కుక్కకు ఆనుకుని ఒక స్కూటరు. బతకదగిన ఊరు అని అమెరికావాళ్లు కాగితం మీద రాసుకుంటే, మావాళ్లు ఫుట్‌పాత్ మీదే బతికి చూపించారు. నడవడమొక్కటే కుదిరేది కాదు.

ఈ పనికి మా బతుకులు ఎలా ముడిపడ్డాయో కూడా చెప్పాలి. మొదట నలభై షీట్లు పరీక్షగా ఇచ్చారు. అవి నచ్చితే రెండేళ్ల పని. నచ్చకపోతే కంప్యూటర్లు కిరాయికి ఇచ్చినవాడు తీసుకుపోతాడు, మేం స్వెట్టర్లు మడిచి ఇంటికి పోతాం.

ఇక్కడ నా గొప్ప గురించి రెండు ముక్కలు. ఆఫీసులో నన్ను డిక్షనరీ అనేవాళ్లు. ఇంగ్లీషులో ఏ మాట వచ్చినా అందరూ నా వైపు తిరిగేవాళ్లు. నాకు తెలిసినవి చెప్పేవాడిని, తెలియనివి ఇంకా గట్టిగా చెప్పేవాడిని. అమెరికా నుంచి వచ్చిన కట్ట మీద సూచనల కాగితం ఒకటి ఉంది. అందులో అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం ఇది: పేవ్‌మెంట్ వెడల్పు రెండు పక్కలా ఆరేసి అడుగులు తగ్గించాలి.

"పేవ్‌మెంట్ అంటే ఏందన్నా?" అని మిత్రుడు అడిగాడు.

"ఫుట్‌పాత్," అన్నాను, కనురెప్ప వేయకుండా.

నాకు ఆ మాట మీద అనుమానం ఉండే అవకాశమే లేదు. ఆరో తరగతిలో రోడ్డు మధ్యన నడిచినందుకు మా ఇంగ్లీషు సారు, ఎల్లప్పుడూ పేవ్‌మెంట్ మీదనే నడవవలెను అని ఇంగ్లీషులో మూడు వందల సార్లు రాయించాడు. (మూడుతో భాగించండి.) వంద సార్లు రాసిన మాటకు అర్థం మారుతుందని ఎవరనుకుంటారు? అదే కాగితంలో ఇంకోచోట సైడ్‌వాక్ అని ఉంది. అది నాకు తెలియదు. తెలియదు గనక, "అది దుకాణాల ముంగట ఉండే అరుగు, దాన్ని ముట్టద్దు," అని తీర్పు చెప్పాను.

మా యజమానికి కూడా అర్థం అతికినట్టు సరిపోయింది. "ఏ ప్లాన్ల అయినా గంతే గద," అన్నాడు. "రోడ్డు పెద్దగ చేయాలంటే ఫుట్‌పాత్ కొయ్యాలె. నేను పదిహేనేండ్లు అదే పని చేసిన." ఆయన చెప్పింది అబద్ధం కాదు. మా వైపు ఎవరు ఏ ప్లాను మొదలుపెట్టినా చివరికి కత్తెర పడేది ఫుట్‌పాత్ మీదే. అమెరికా అయినా ఊరు ఊరే కదా అనుకున్నాం. పది అడుగుల ఫుట్‌పాత్‌లు నాలుగు అడుగులకు తెచ్చాం. మైదానం లాంటి రోడ్డుకు ఇంకో పన్నెండు అడుగులు కలిపాం. మనుషులు నడవడం కోసం.

ఏడుగురిలో ఆరుగురం ఇలా చకచకా కోసుకుంటూ పోతున్నాం. ఏడో మనిషి దగ్గర పని ఆగింది.

ఆమెను అందరం అక్క అనేవాళ్లం. నాకంటే నాలుగేళ్లు చిన్నదే, అయినా అక్కే. ఆమె కళ్లజోడు పైనుంచి చూస్తే ఎవరికైనా తమ్ముడి వయసు వచ్చేది. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలికి ఇనప పట్టీ, చేతిలో కర్ర. నారాయణగూడ వెనక సందులో ఉన్న ఇంటి నుంచి రోజూ నడిచి వచ్చేది. కింద టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పించే ఉద్యోగం వదులుకుని మా మేడ మీదికి వచ్చింది. మూడు నెలలు పని చూసి పర్మనెంట్ చేస్తానని యజమాని మాట ఇచ్చాడు. కింద ఆమె కుర్చీలో అప్పటికే ఇంకొకామె కూర్చుంది. అంటే పైన ఉద్యోగం నిలవకపోతే కిందికి దిగడానికి మెట్లు తప్ప ఏమీ లేదు. ఆ మూడు నెలలు ఆ వారం శనివారంతో ముగుస్తాయి.

తక్కినవాళ్లం పట్టిన షీటు పట్టినట్టు పూర్తి చేస్తుంటే అక్క ఒకటి వదిలి ఇంకోటి పట్టేది. ఏదైనా సగంలో ఆపేసేది.

"సార్," అంది ఒకరోజు, "నాలుగడుగుల ఫుట్‌పాత్ మీద చెట్టు, దీపం, బెంచీ, బస్ షెల్టర్, అన్ని పెట్టమన్నరు. మనిషి ఎక్కడ నడుస్తడు?"

"అమెరికా చెట్లు సన్నగ ఉంటయక్కా," అన్నాను.

"బెంచీలు?"

"సన్నటోళ్లు కూసుంటరు."

మిత్రుడు పడీపడీ నవ్వాడు. అక్క నవ్వలేదు. "మీరెట్ల పట్టిస్తున్నరో జర చూపియ్యండి," అంది.

చూపించాను. నేను బెంచీని సగానికి కుదించి పిల్లి కూర్చునేంత చేశాను. షెల్టర్‌ను పక్కకు తిప్పాను, ఇక బస్సు వస్తే దాని వీపు కనిపిస్తుంది. మిత్రుడైతే ఒక చెట్టును సగం రోడ్డు మీదికి జరిపాడు. అక్క కళ్లజోడు సరిచేసుకుని చూసింది.

"సార్, వీళ్లు నడిచేటందుకు బొమ్మ గీయించుకుంటున్నరా, నడవకుంట ఉండేటందుకా?"

ఇలాంటి ప్రశ్నకు డిక్షనరీలో జవాబు ఉండదు. నేను ఏసీ చల్లదనం సరిచూసుకుంటూ లేచిపోయాను.

ఇంకో తగాదా కూడా ఉంది. ప్రతి చౌరస్తా మూలలోనూ ఎర్ర పెన్సిల్‌తో చిన్న త్రికోణం ఒకటి ఉండేది. అది పెన్సిల్ జారి పడ్డ మరక అని నేను తేల్చాను, తక్కిన అందరం చెరిపేశాం. అక్క చెరపలేదు. "ప్రతి మూలల ఒక్కతీరుగ పడే మరక ఉంటదా సార్?" అంది. నేను సరిచూసేవాడిని గనక ఆమె షీట్లన్నిటి మీదా తప్పు గుర్తులు వేశాను. తొమ్మిది షీట్లు. తప్పు, తప్పు, తప్పు. అప్పట్లో నా దగ్గర ఉన్న ఎర్ర పెన్సిల్ అమెరికా పెన్సిల్ కంటే పొడుగ్గా ఉండేది.

శనివారం వచ్చింది. సోమవారం ఉదయం ఫ్లాపీలు కొరియర్‌లో పోవాలి. యజమాని నన్ను గదిలోకి పిలిచాడు.

"ఆ అక్క సంగతి ఏంజేద్దాం?" అన్నాడు. "పని ఆలస్యం, ఉన్న పని తప్పు. నువ్వే గుర్తులు వేసినవ్. సాయంత్రం ఒక కాగితం రాసియ్యి. సోమవారం నుంచి రావొద్దని చెప్త."

నేను తల ఊపాను. ఊపి బయటికి వచ్చాను. గాజు తలుపు ఓరగా ఉంది గనక అక్కకు అంతా వినపడింది. ఆమె కుర్చీ వెనక్కి జరిపి, కర్ర అందుకుని, నా బల్ల మీది కొలత టేపు తీసి నా చేతిలో పెట్టింది.

"కాగితం సాయంత్రం గద సార్ రాసేది," అంది. "ఇప్పుడు భోజనం టైం. జర నా ఎంబడి రాండి."

ఎండ నడినెత్తిన ఉంది. స్వెట్టర్ విప్పడం మరిచిపోయాను. అక్క ముందు, నేను వెనక. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీద, ట్రాన్స్‌ఫార్మర్‌కూ దుకాణం మెట్లకూ మధ్య ఆగి, "ఇక్కడ కొలవండి," అంది. కొలిచాను. నాలుగు అడుగులు, అంగుళం ఎక్కువా లేదు తక్కువా లేదు.

పక్కనే మిర్చి బండాయన ఉన్నాడు. టేపు కనపడగానే మూకుడు కింద మంట తగ్గించి, బండి చక్రానికి అడ్డం పెట్టిన రాయి తీసేశాడు.

"ఏమన్నా, మల్ల రోడ్డు పెద్దగ చేస్తున్నరా?" అన్నాడు. "పోయినసారి గిట్లనే టేపు తెచ్చి కొల్చిన్రు. తెల్లారి మమ్మల్ని లేపిన్రు."

"మిమ్మల్ని కాదన్నా," అంది అక్క. "మేం అమెరికా కొలుస్తున్నం."

ఆయన ఒక మిర్చి తిరగేస్తూ ఆలోచించాడు. "అమెరికాల కూడ లేపుతున్నరా," అన్నాడు.

"నడవండి సార్," అంది అక్క. నడిచాను. ఎదురుగా కూరగాయల సంచులతో ఒకావిడ వచ్చింది. నాలుగు అడుగుల్లో ఆమె, రెండు సంచులు, నేను, ట్రాన్స్‌ఫార్మరు. ఆవిడ ఆగలేదు. ట్రాన్స్‌ఫార్మరూ తప్పుకోలేదు. నేనే రోడ్డు మీదికి దిగాను. సరిగ్గా అప్పుడే ఒక బస్సు, ఎనిమిది వందల మంది ప్రయాణికులతో, అందులో నాలుగు వందల మంది ఫుట్‌బోర్డు మీద, నా స్వెట్టర్ బొచ్చును తాకుతూ పోయింది. కండక్టరు కిందికి వంగి నన్ను ఏమన్నాడో రాయను, మీరు చిన్నవాళ్లు.

అక్క దిగలేదు. ఆ చోట ఫుట్‌పాత్ గట్టు మోకాలి ఎత్తు ఉంది. "నేను ఇక్కడ దిగలేను సార్," అంది మామూలుగా, బస్సు ఎన్ని గంటలకని చెప్పినట్టు. "దిగితే ఎక్కలేను. మన మేడ మెట్లకు పట్టుకునేటందుకు కమ్మి ఉన్నది, దీనికి ఏమున్నది? అందుకే రోజు పెట్రోల్ బంకు దాకా పోయి తిరిగొస్త. ఐదు నిమిషాల తొవ్వ నాకు ఇరవై నిమిషాలు. ఇగో, ఈ మూలకాడ జర ఏటవాలుగ సిమెంటు పోస్తే చాలు." అలా అంటూ కర్ర మొనతో దుమ్ములో గీత గీసింది. రెండు గీతలు పక్కలకు, ఒకటి అడ్డంగా.

త్రికోణం.

ముప్ఫై ఒక్క షీట్ల మూలల్లో నేను చెరిపించిన మరకలు ఒక్కొక్కటీ లేచి వచ్చి నా ముందు నిలబడ్డాయి. గట్టు దిగలేని మనిషి దిగడానికి ఏటవాలు గీసినవాళ్లు, అదే మనిషి నడిచే దారిని ఎందుకు కోయమంటారు?

"అక్కా, లైబ్రరీకి పోదాం," అన్నాను.

చిక్కడపల్లి లైబ్రరీలో శనివారం కుర్చీ దొరకడం కంటే గ్రూప్స్‌లో ఉద్యోగం దొరకడం తేలిక. ప్రతి కుర్చీ మీదా ఒక చేతిరుమాలు, మనిషి లేకపోయినా. అక్కడున్న పెద్ద అమెరికా ఇంగ్లీషు డిక్షనరీ ఒకాయన ముందు తెరిచి ఉంది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, చెంపలు నెరిశాయి, పదకొండోసారి పరీక్ష రాస్తున్నాడట. మొదటి అక్షరం నుంచి డిక్షనరీ మొత్తం బట్టీ పడుతున్నాడు.

"అన్నా, ఒక్క మాట చూసుకోని ఇస్త," అన్నాను.

"ఏ అక్షరం?" అన్నాడు తల ఎత్తకుండా.

"పీ."

"నేను ఎం కాడ ఉన్న. నెల ఆగున్రి."

అక్క కర్రను బల్లకు ఆనించి, ఆయన ఎదురుగా నిలబడింది. కళ్లజోడు పైనుంచి చూసింది, అంతే. ఆయన డిక్షనరీని తనే మా వైపు తిప్పి, ఎం దగ్గర తన రుమాలు పెట్టుకున్నాడు.

పేవ్‌మెంట్. మన పుస్తకాల ఇంగ్లీషులో మనుషులు నడిచే బాట. అమెరికాలో బండ్లు నడిచే రోడ్డు, దాని మీద పరిచిన తారు, సిమెంటు. సైడ్‌వాక్ కూడా చూశాను. అది అరుగు కాదు, ఫుట్‌పాత్. ఒకే మాట, సముద్రం దాటగానే గట్టు దిగి రోడ్డు మధ్యకు పోయింది. మా ఇంగ్లీషు సారు అమెరికాలో గనక ఆ వాక్యం రాయించి ఉంటే ఒక్క పిల్లవాడూ మిగిలేవాడు కాడు.

వాళ్లు తగ్గించమన్నది రోడ్డు. పెంచమన్నది నడక. పది అడుగుల ఫుట్‌పాత్ పదహారు కావాలి. మేం నాలుగు చేశాం. చెట్టు, దీపం, బెంచీ అన్నీ పట్టి, మధ్యలో ఇద్దరు మాట్లాడుకుంటూ నడిచే చోటు మిగలాలి.

అక్క డిక్షనరీ మూసి, ఆయన ముందుకు జరిపింది. "అయితే నా తొమ్మిది షీట్లు?" అంది.

"సగం అయినయ్ అక్కా," అన్నాను. "కాని ఆ సగం కరెక్టు."

తిరిగి వచ్చేటప్పుడు నేనూ ఆమె దారినే పట్టాను. పెట్రోల్ బంకు దాకా పోయి తిరిగి వచ్చాం. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవైని మాత్రం భాగించకండి.

మేడ మెట్లు డెబ్బై. కోచింగ్ సెంటర్ దగ్గర ఆగి ఊపిరి తీసుకున్నాను. లోపల ఎవరో ప్రాథమిక విధులు చదువుతున్నారు. అబద్ధాలు నాలుగైదు నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి: అమెరికా నుంచి కొత్త కబురు వచ్చిందనో, జిరాక్స్ సరిగా లేదనో. వాటిని మింగి గదిలోకి వెళ్లాను. అక్క నా వెనకే గుమ్మంలో నిలబడింది.

"సార్, అమెరికాల పేవ్‌మెంట్ అంటే ఫుట్‌పాత్ కాదట," అన్నాను. "రోడ్డట."

యజమాని చాయ్ కప్పు దించాడు. "మరి నిన్నటిదాక?"

"నిన్నటిదాక ఫుట్‌పాత్."

"ఎవరు చెప్పిన్రు?"

"నేనే చెప్పిన," అన్నాను. "అక్కది తప్పు కాదు. తప్పు గుర్తులు వేసిన నాది."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. తిట్లు వస్తాయని చెవులు సిద్ధం చేసుకున్నాను. కాంట్రాక్టరు తిట్లు మామూలువి కావు, వేడి తారులా అంటుకుంటాయి. కానీ ఆయన బాధ వేరు.

"అంటే రోడ్డు కోసి ఫుట్‌పాత్ పెంచాల్నా?" అన్నాడు. "ఉన్న రోడ్డును, పైసలు పెట్టి, చిన్నగ చేస్కుంటరా? వాళ్లకు దిమాక్ ఉన్నదా?"

"నడుస్తరట సార్," అంది అక్క గుమ్మంలోంచి.

"నడిస్తే నడవనీ," అన్నాడు ఆయన, పదిహేనేళ్ల వృత్తి కళ్ల ముందే తలకిందులైన మనిషిలా. "రేపు ఆదివారం అందరు రాండి. పొద్దుగాల ఏడు గొట్టంగ."

ఆదివారం అందరం వచ్చాం. కోసిన ముప్ఫై ఒక్క షీట్లలో ఫుట్‌పాత్‌ను మళ్లీ అతికించి పదహారు అడుగులకు పెంచాం, అక్క తొమ్మిదింటినీ పూర్తి చేశాం. అక్క మధ్య కుర్చీలో కూర్చుంది, అందరం ఆమెకు చూపించి ముందుకు పోయాం. బెంచీ మీద ఆమె గురి వేరు. "ఇక్కడ వద్దు సార్. షెల్టర్‌కు దూరమైంది, నా అసుంటి మనిషి బస్సు వచ్చినంక లేచి అందుకోలేదు," అనేది. కాగితం చూస్తే ఎర్ర పెన్సిల్ కూడా సరిగ్గా అదే చెప్పేది. చదివిన ఇంజనీర్లు లెక్కలు వేసి పెట్టిన చోటూ, నారాయణగూడ నుంచి రోజూ నడిచే అక్క చెప్పిన చోటూ ఒక్కటయ్యేవి. మిత్రుడు తన చెట్టును రోడ్డు మీది నుంచి వెనక్కి తెచ్చి, "మాఫ్ చెయ్యి తల్లీ," అని చెట్టుకు దండం పెట్టాడు. చీకటి పడకముందే అన్ని త్రికోణాలూ వాటి మూలలకు చేరాయి. మిర్చి బండాయన దగ్గర నుంచి రెండు పొట్లాలు తెప్పించాం. "అమెరికావోళ్లను లేపలేదంట," అని కబురు చెబితే, ఆయన నాలుగు మిర్చి ఎక్కువ వేశాడట.

షీట్లు నచ్చాయి. పని రెండేళ్లు అనుకున్నది నాలుగేళ్లు నడిచింది. అక్క పర్మనెంట్ అయింది. ఆరు నెలలకు సరిచూసే పని ఆమెకే ఇచ్చారు. అంటే నా ఎర్ర పెన్సిల్ ఆమెకు పోయింది, నా షీట్లు ఆమె ముందు పడ్డాయి. ఆమె ఎప్పుడూ తప్పు అని రాయలేదు. పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టేది. అది మరీ గుచ్చుకునేది. మన ఊరి మెయిన్ రోడ్డు మీద నేను ఇప్పటికీ కళ్లు మూసుకుని నడవగలను. ఎన్నో అడుగులో బెంచీ వస్తుందో, ఏ మూలలో ఏటవాలు ఉందో చెప్పగలను. అక్కడికి ఎప్పుడూ పోలేదు. చిక్కడపల్లిలో ఆ గట్టు మాత్రం అలాగే ఉంది. ఎప్పుడు అటు పోయినా పెట్రోల్ బంకు దాకా పోయి తిరిగి వస్తాను, అలవాటు.

ఇక ఒప్పుకున్న ప్రకారం. బస్సులో ఎనిమిది వందల మంది లేరు. మెట్లు నలభై ఎనిమిదే. కానీ అవి పొంగులు. మే నెల స్వెట్టర్ నిజం. ఎం దగ్గర ఆగిన మనిషి నిజం. మిర్చి బండాయన రాయి తీయడం నా కళ్లారా చూశాను.

నేను పుట్టించింది ఒక్క మాట. యజమాని "ఎవరు చెప్పిన్రు" అని అడిగినప్పుడు "నేనే చెప్పిన" అన్నానని రాశాను చూడండి, అది, దాని వెనక అక్కది తప్పు కాదన్న ముక్కతో సహా. అనలేదు. గదిలోకి వెళ్లాను, పేవ్‌మెంట్ సంగతి చెప్పాను, అక్కడిదాకా నిజం. ఆ ప్రశ్న వచ్చేసరికి డిక్షనరీలో ఒక్క మాట మిగల్లేదు. ఏసీ వైపు చూస్తూ నిలబడ్డాను. సాయంత్రానికి ఉద్యోగం పోవాల్సిన మనిషి గుమ్మంలోంచి చెప్పింది:

"అందరం అట్లనే అనుకున్నం సార్."

అందరం అంది. ఆ అందరిలో లేనిది ఆమె ఒక్కతే.

తరవాత నాలుగేళ్లు ఆమె పక్కనే కూర్చుని పనిచేశాను. ఆ మాట గురించి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆయన అడిగిన ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఆలస్యమైంది, అయినా జవాబు రాస్తున్నాను. ఎవరు చెప్పిన్రు? నేనే.